గులాబీ స్వెటర్, పెళ్ళి గిన్నెలు

చిజూ,

ఉమెదా వాళ్ళ పెళ్ళి గిన్నెలకు ఆఖరి ఉరుషి లక్క పూత వేసి, గట్టిపడటానికి తడి బీరువాలో పెట్టాను. మాటిమాటికీ తిప్పుతూ ఉండు, లేకపోతే పూత జారుతుంది. పనిగదిలోకి వెళ్ళేముందు దుమ్ము లేవకుండా నేల మీద నీళ్ళు చల్లు. తలకు తడిగుడ్డ చుట్టుకో. ఒక్క నలుసు అంటినా వాళ్ళు వెనక్కి పంపేస్తారు.

మీ అక్క ఇచ్చిన గులాబీ స్వెటర్ చిటపటలాడుతూ ఇంట్లో దుమ్మంతా మీదికి లాక్కుంటుంది. ఆ మాటంటే, "నాకన్నా మీకు గిన్నెలే ఎక్కువ" అన్నావు. "అవి ఎదురు చెప్పవు" అన్నాను. అందుకే రాత్రి నాకు చల్లారిన మిసో చారు పోశావు.

ముల్లంగి ఉడికించి పొయ్యి మీదే ఉంచాను. తిను.

గెన్‌పాచి

స్వెటర్ కోసం వెతక్కు. నేనే వేసుకుని బస్సుకు వెళ్తున్నాను. చంకల్లో పట్టేస్తోంది. నీకే బాగుంటుంది.