అద్దకపువాడి చేతులు

జడ్జిగారికి నమస్కరించి రాసుకుంటున్నాను.

మిల్లు గుమాస్తా హత్య గురించి యజమాని తరఫున విచారించిన ప్రైవేటు డిటెక్టివును నేనే. గుమాస్తా గది తలుపు మీద నీలం రంగు చేతిగుర్తు చూసి, హంతకుడు మిల్లులో బట్టలకు రంగులు వేసే అద్దకపువాడేనని నివేదిక రాసి సంతకం పెట్టాను. ఎల్లుండి మీరు తీర్పు చెబుతారు. తపాలాలో వేస్తే సమయానికి అందదని ఈ ఉత్తరాన్ని మనిషికిచ్చి గుర్రబ్బండిలో పంపుతున్నాను.

నిన్న అద్దకపువాడి భార్య నా దగ్గరికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఇరవై ఏళ్లుగా ఆ చేతులతోనే నా కొంగు పట్టుకుని లాగుతున్నాడు. ఒక్క మరకైనా ఉందేమో చూడు! ఆరిన రంగు అంటదమ్మా. ఆ మాత్రం తెలీకుండా నువ్వేం డిటెక్టివ్‌వి, తల్లీ?" అంది.

జైలుకు వెళ్లి అతని అరచేతిని నా తెల్లచీర కొంగుకు గట్టిగా రుద్దించాను. మరక పడలేదు.

హత్య జరిగింది సెలవు రోజున. ఆ రోజు తడి రంగులో చెయ్యి ముంచాలంటే రంగుల షెడ్డు తాళం తియ్యాలి. తాళంచెవి యజమాని దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు. ఈ సంగతి ఆయనకింకా చెప్పలేదు. నేను ఉంటున్న గది కూడా ఆయనదే.

నన్ను మళ్లీ సాక్షిగా పిలిపించండి. ఆడదాని తొందరపాటని కోర్టులో నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ నివేదికను మాత్రం నమ్మకండి. అది రాసింది నేనే.

విధేయురాలు