పసుపు పూయని పత్రిక

కెలమంగలం, 1961, శ్రావణ శుక్రవారం

ఈ పొద్దు ఇస్కూల్లో నా తోటి టీచరు, ఇంగ్లీషు చెప్పే రాజమ్మను అడిగినాను. "ఉన్నదీ లేనిదీ కలిపి రాసే పేపర్ని ఇంగ్లీషులో ఏమంటారమ్మా?"

"ఎల్లో ప్రెస్ అంటారు. అరవంలో మంజళ్ పత్రికై అంటారు గదా, అదే."

"ఎల్లో అంటే పసుపే కదా? మనం పెండ్లి పత్రికకు పూసేది?"

ఆమె నా మొగం చూసి, "ఈ పసుపు వేరేమ్మా" అనింది. ఎందుకు అడిగినానో ఆమెకు తెలుసు.

పోయిన ఏడాది అట్లాంటి పేపర్లోనే నా గురించీ లెక్కల మాస్టరు రాఘవప్ప గురించీ "టీచరమ్మ రాసలీల" అని వేసినారు. వానలో ఒకే గొడుగు కింద బస్ స్టాపు దాకా నడిచినాము, అంతే జరిగింది. నా పేరు చెడకూడదని మాస్టరు కృష్ణగిరికి ట్రాన్స్‌ఫర్ అడిగి తీసుకున్నాడు.

"నేను ఈడ లేకుంటే వాళ్ళ నోళ్ళు మూతపడతాయమ్మా" అన్నాడు. నేను తల ఊపినాను. పోవద్దని అనలేదు.

నోళ్ళు మూతపడినాయి. పేపరోళ్ళు రాసిందంతా అబద్ధమే. కానీ చదివినప్పుడు, ఇది నిజమైతే ఎంత బాగుండు అనిపించింది. ఆ మాట రాజమ్మకు గూడా చెప్పలేదు.

ఇప్పుడే మాస్టరుకు జాబు రాసినాను. ఏమేమో రాసి, అన్నీ కొట్టేసి, కడకు వేరే కాగితం మీద ఒక్క మాటే రాసినాను. "ఆదివారం పది గంటల బస్సుకు కృష్ణగిరికి వస్తాను, బస్టాండుకు వస్తారా?"

కవరు అంటించేసినాను. ఇంక కొట్టేయడానికి లేదు. ఆయన వస్తాడో రాడో...