వంతెన అవతలికి వీసా

శనివారం రాత్రి, ఫార్మింగ్టన్ హిల్స్, అమెరికా.

నాకు రాత రాదు. నేను చెబుతుంటే ఫోను రాసుకుంటోంది.

పక్కింటి చైనావిడ లిన్‌ను నేను వదినా అని పిలుస్తాను. ఈ రోజు ఆమె సరిహద్దు వంతెన దాటి కెనడా వెళ్ళి వచ్చింది. వీసా అడగలేదట. ఆమె మాటలు ఆమె ఫోనే తెలుగులో చెప్పింది. పాస్‌పోర్టుతో పాటు తన గ్రీన్‌కార్డు చూపిస్తే చాలట. ఆ కార్డు నాకూ చూపించింది. అక్షరాలు రాకపోయినా నేను బొమ్మలు మరచిపోను. కిరీటం పెట్టుకున్న ఆ ఆడమనిషి బొమ్మ నా కార్డు మీదా ఉంది.

వంతెన అవతల నా చిన్న కూతురు పద్మ బాలింతగా ఉంది. వెళదామన్నప్పుడల్లా పెద్దది సునీత, "వీసా ఇంకా రాలేదమ్మా" అంటోంది. అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు.

సాయంత్రం సునీతను అడిగాను.

"వదినకు వీసా ఎందుకు అక్కర్లేదే?"

"వాళ్ళు చైనా వాళ్ళమ్మా. వాళ్ళకి వేరే రూల్."

"ఆ కార్డు చైనా వాళ్ళిచ్చారా, అమెరికా వాళ్ళిచ్చారా?"

"నీకు అర్థం కాదులే, పడుకో."

నా ముఖం చూడకుండా, కడిగిన గిన్నెలనే మళ్ళీ డిష్‌వాషర్‌లో సర్దింది.

నిజంగా రూలు తెలియదో, నన్ను చెల్లెలి గడప తొక్కనివ్వకూడదనో. నా కార్డూ పాస్‌పోర్టూ పోతాయని తన దగ్గరే దాచింది. రేపు కాఫీ అయ్యాక, వదినకు చూపించాలి ఇవ్వమంటాను. తెలియక అన్నదైతే ఇస్తుంది. ఇవ్వకపోతే... కన్నబిడ్డ గురించి ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

వదిన కొడుకు వచ్చే వారం మళ్ళీ వంతెన దాటుతాడట. కారులో నాకు చోటు ఉంచమన్నాను.