గాలి చూసి చల్లు కారం

సుంకులూ,

నేను పత్తి తీసే పనికి పోతాండాను. కొత్త కారంపొడి పొట్లం గూట్లో పెట్టినాను. ఆదోనిలో టైపు క్లాసు అయ్యి మనూళ్లో బస్సు దిగేటప్పుడే చేతిలోకి తీసుకో. ఎవడైనా అడ్డమొస్తే గాలికి వీపు పెట్టి చల్లు, చల్లినాక నిలబడి చూడకుండా పరుగెత్తు. కల్లంలో జొన్నలు తూర్పారబట్టేదానివి, గాలి చూడడం నేను నేర్పాలా? నిన్న ఎదురుగాలికి చల్లి సగం నీ కళ్లలోనే పోసుకున్నావు. మిగతా సగం, చీకట్లో నీకు తోడుగా ఎదురొచ్చిన మీ నాయన కళ్లలో పడింది. ఊరగాయకు దాచుకున్న కారం అది!

ఇన్నాళ్లూ నీ క్లాసు మానిపించమని నన్ను పోరిన మనిషి, పొద్దున కళ్ల మీద తడిగుడ్డ వేసుకొని, "పంపుపో, ఇంక దాని జోలికి యావడొస్తాడు?" అన్నాడు.

మీ అమ్మ

మీ నాయన ఈ రోజూ ఎదురొస్తాడంట. దూరం నుంచే నీ పేరు పెట్టి అరుస్తాడు. అది వినబడితే పొట్లం విప్పొద్దు తల్లీ.