ఒక్క మంగళవార్త జపమంత దూరం

ఆగస్టు 6, మంగళవారం

నవదిన ప్రార్థనలు మొదలుపెట్టాను. మరియమ్మ మోక్షారోపణ పండుగకి సరిగ్గా తొమ్మిది రోజులు. ప్రతి ఏడూ ఎవరో ఒకరి కోసం చేస్తాను. తమ్ముడు క్యాజ్ నడుము కోసం, చెల్లెలు డోరీన్ మొగుడి ఉద్యోగం కోసం. ఈసారి నా కోసం. నా మనసులోంచి ఒక కోరికని తీసేయమని మరియమ్మని అడుగుతున్నాను.

కోరిక పేరు షెవెల్. 1970 మోడల్ కారు.

నిన్న లివోనియాలో ఒంట్లో బాగోని మిసెస్ పావ్లాక్‌కి సూప్ ఇచ్చి వస్తుంటే ఒక ఇంటి ముందు కనిపించింది. ముదురాకుపచ్చ. అద్దానికి 'అమ్మకానికి' అని చిన్న కాగితం. ఆ వీధి చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. నాలుగోసారి గడ్డి కోస్తున్న పెద్దాయన చెయ్యి ఊపాడు. నేనూ ఊపి ఇంటికొచ్చేశాను.

వయసు యాభై ఏడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా స్కూల్ బస్సు నడుపుతున్నాను. గంటకి పాతిక మైళ్ళు.

ఆగస్టు 7, బుధవారం

రెండో రోజు. కోరిక తగ్గలేదు. జపమాల మూడో దశకం మధ్యలో దాని ఇంజిన్ ఏదై ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. తప్పు ఒప్పుకుని మళ్ళీ మొదటి పూసకి వెళ్ళాను.

ఆగస్టు 8, గురువారం, ఉదయం 11

వెళ్ళాను. దగ్గర్నుంచి చూస్తే ఆశ చల్లారుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం.

ఆయన పేరు ఆర్విల్ హాస్కిన్స్. డెబ్బై నాలుగేళ్ళు. ఫ్యాక్టరీలో అచ్చులు కోసే పనిచేసి రిటైరయ్యాడు. ఈ కారు ఒహాయోలో ఒక కోళ్ళ షెడ్డులో దొరికిందట. బాగుచేయడానికి పదకొండేళ్ళు పట్టిందట. పైన రేకంతా పాతదే. కింద మాత్రం అంతా ఈ కాలానిది: కంప్యూటర్ చూసుకునే ఇంజిన్, నాలుగు వందల ఎనభై గుర్రాల శక్తి, ఆరు గేర్లు, నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు. ఏసీ కూడా. బానెట్ ఎత్తి చూపిస్తున్నప్పుడు ఆయన గొంతు తగ్గింది. గుడిలో మాట్లాడినట్టు.

లోపల కూర్చోమన్నాడు. తాళం తిప్పబోతూ నా కుడికాలు దానంతటదే యాక్సిలరేటర్‌ని రెండుసార్లు తొక్కింది. నాన్న కారుకి అలా తొక్కితేనే పెట్రోలు పైకొచ్చేది. దీనికి అక్కర్లేదన్నాడు ఆర్విల్. అప్పటినుంచి నావైపు కొంచెం వేరేగా చూశాడు.

తిప్పాను. చెవుల కన్నా ముందు పక్కటెముకలకి వినిపించింది.

ఎందుకు అమ్ముతున్నారని అడిగాను. ఎడమ మోకాలు క్లచ్ తొక్కనివ్వడం లేదట. ఇప్పటికి ఇద్దరు వచ్చి వెళ్ళారట. ఒకాయన గుడ్డ కప్పి గ్యారేజీలో దాచుకుంటానన్నాడట. ఇంకొకాయన ఆటోమేటిక్ గేరు పెట్టించొచ్చా అని అడిగాడట. ఆ మాట చెబుతూ ఆర్విల్ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. దీన్ని నడపగలిగిన చేతికే ఇస్తానన్నాడు. మీరేం నడుపుతారని అడిగాడు. బస్సు అన్నాను. మర్యాదగా తలూపాడు.

ధర ఇక్కడ రాయను. భరించగలను. అంతవరకే.

ఆగస్టు 9, శుక్రవారం

చేతులకి ఇంకా ఆ స్టీరింగ్ తోలు వాసన. గిన్నెలు తోమడానికి గ్లవ్స్ వేసుకున్నాను.

ఆగస్టు 10, శనివారం

క్యాజ్‌కి చెప్పాను. ఒకసారి వచ్చి కారు చూడమన్నాను. మా ఇంట్లో కార్ల సంగతి వాడిదే. ముప్పై ఏళ్ళు బాడీషాపులో పనిచేశాడు. మొదట చాలాసేపు నవ్వాడు. మదర్ సుపీరియర్‌కి, అంటే నాకు, నాలుగు వందల ఎనభై గుర్రాలెందుకు, పవిత్రజలం హోమ్ డెలివరీ చేస్తావా అన్నాడు. కారుకి స్కూల్ బస్సుకున్నట్టు ఎర్ర స్టాప్ బోర్డు కూడా బిగించమన్నాడు. తర్వాత, రేపు రెండింటికి వస్తానన్నాడు.

ఆగస్టు 11, ఆదివారం, సాయంత్రం 5

వచ్చాడు. జేబులో అయస్కాంతం, చేతిలో టార్చి. రేకు కింద పుట్టీ పూశారేమోనని తలుపుల అంచుల్లో, చక్రాల పైన, డిక్కీ మూలల్లో అయస్కాంతం పెట్టి చూశాడు. అన్నిచోట్లా టక్కున అంటుకుంది. ఆ పాడు నడుముతోనే కారు కిందకి దూరాడు. బయటికొచ్చాక జోకులు లేవు. బానెట్ మీద అరచెయ్యి పెట్టి ఊరికే నిలబడ్డాడు.

తర్వాత ఆర్విల్‌కి ఆ కథ చెప్పాడు.

మా కుటుంబంలో ఆ కథ వినకుండా ఎవరూ పెళ్ళి చేసుకోలేదు. 1985 జూలై. మౌండ్ రోడ్డు. ఆదివారం పొద్దున ఆరు గంటల పూజకి వెళ్తూ నాన్న కారు, బ్యుయిక్ స్కైలార్క్. సిగ్నల్ దగ్గర పక్కన ఎర్ర మస్టాంగ్, అందులో గడ్డం కుర్రాడు ఇంజిన్ రెచ్చగొట్టడం. ఆకుపచ్చ లైటు పడగానే క్యాజ్ దూకించడం. లైటు నుంచి రైలు బ్రిడ్జి దాకా సరిగ్గా ఒక్క మంగళవార్త జపమంత దూరం, మరియమ్మకి చెప్పుకునే ఆ చిన్న ప్రార్థన ఒకసారి పూర్తయ్యేంత. బ్రిడ్జి దగ్గర మస్టాంగ్ వెనకాల ఉంది.

జపాలతో కొలుస్తారా అని ఆర్విల్ అడిగితే, మా ఇంట్లో గడియారాలు అలాంటివేనండీ అన్నాడు క్యాజ్.

ఆర్విల్ మొహం వెలిగింది. ఇలాంటి చెయ్యి కోసమే ఇన్నాళ్ళు ఆగానన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నన్ను చూడలేదు.

తిరిగొస్తుంటే క్యాజ్ చాలాసేపు కిటికీలోంచి చూశాడు. చివరికి, నాకు కావాలి జెన్ అన్నాడు. బతుకంతా ఇతరుల కార్లకి సొట్టలు తీశానన్నాడు.

అదే రోజు, 6.30

ఎక్కడా రాయని సంగతి. ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజు స్కైలార్క్ నడిపింది నేను.

నాకు పద్దెనిమిది. వాడికి పదిహేను. పూజలో ఫాదర్‌కి సాయం చేసే పీఠబాలుడి తెల్ల అంగీ ఒళ్ళో పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ గడ్డం వాడు నన్ను చూసి కన్ను కొట్టాడు. అంతే. జపం మొదలుపెట్టాను. ఎక్కడ రెండో గేరు, ఎక్కడ మూడో గేరు అన్నది నాకు ఆ జపంలో మాటల్ని బట్టే తెలిసింది. 'ఆమెన్' అనేసరికి బ్రిడ్జి కింద ఉన్నాం.

సాయంత్రం నాన్న వెనక టైర్లు చూశాడు. ఎవరు అన్నాడు. అప్పట్లో అమ్మని వారానికి మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్ళేది నేనే. ఆడపిల్ల ఈ పని చేసిందని తెలిస్తే నాన్న నాకు మళ్ళీ తాళాలు ఇవ్వడు. నేను నోరు తెరిచేలోపు క్యాజ్ 'నేనే' అన్నాడు. బెల్టుతో పదకొండు దెబ్బలు. గోడవతల నిలబడి లెక్కపెట్టాను.

దెబ్బలు వాడు తిన్నాడు. కాబట్టి పేరు కూడా వాడిదే అనుకున్నాను. ముప్పై తొమ్మిదేళ్ళు నాకు అందులో బాధ లేదు.

ఇవాళ ఉంది.

ఆగస్టు 12, సోమవారం

డోరీన్ ఫోన్. క్యాజ్ పొద్దున్నే చెప్పేశాడట. వాడికి వదిలెయ్యమంది. ఎప్పుడూ నువ్వేగా వదిలేది అని మెచ్చుకోలుగా అంది. ఈ వయసులో నీకెందుకు, పక్కన కూర్చుని తిరుగు, వాడు తిప్పుతాడు అంది.

మధ్యాహ్నం ఆర్విల్ ఫోన్. మర్యాదస్తుడు. ముందు వచ్చింది నేను కనుక బుధవారం ఇద్దరినీ రమ్మన్నాడు. ఇద్దరూ నడిపి చూడండి అన్నాడు. కానీ దాచనన్నాడు: ఆయన మనసు మా తమ్ముడి వైపే ఉందట, ఆ మౌండ్ రోడ్డు కథ విన్నప్పటి నుంచి.

ఒక్క మాట చెబితే చాలు. చెబితే భోజనాల బల్ల దగ్గర చెప్పుకోవడానికి క్యాజ్‌కి ఏం మిగులుతుంది?

చెప్పను.

ఆగస్టు 13, మంగళవారం

ఎనిమిదో రోజు. కోరిక తీసేయమని అడగడం మానేశాను. కారు కావాలనే అడిగాను. మరియమ్మ ఆశ్చర్యపోయినట్టు అనిపించలేదు.

ఆగస్టు 14, బుధవారం, మధ్యాహ్నం 1

రాత కుదరడం లేదు. అయినా మొత్తం రాస్తాను.

ముందు క్యాజ్ నడిపాడు. పక్కన ఆర్విల్, వెనక నేను. బాగా నడిపాడు. జాగ్రత్తగా, గేర్లు మెత్తగా వేస్తూ, పెళ్ళికూతుర్ని తీసుకెళ్తున్నట్టు. ఫ్రీవే ఎక్కలేదు. ఆర్విల్ రెండుసార్లు వేళ్ళతో మోకాలు తట్టుకున్నాడు.

తర్వాత నేను. ఆర్విల్ మోకాలు చాపుకోవడానికి వెనక అడ్డంగా కూర్చున్నాడు. క్యాజ్ నా పక్క సీట్లోకి వచ్చాడు. స్కూలు పిల్లలున్నారనుకుని నడుపు, సరిపోతుంది అన్నాడు.

రెండు వీధులు దాటాక రైలు పట్టాలు. ఆగాను. ఫ్లాషర్లు వేశాను. తలుపు తెరిచాను. విన్నాను.

ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు. బస్సులో పట్టాల ముందు ఆగి, తలుపు తెరిచి, రైలు చప్పుడు వినకుండా దాటకూడదు. కానీ ఇది బస్సు కాదు. వెనక ట్రక్కువాడు ఆపకుండా హారన్ కొట్టాడు. క్యాజ్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. వెనక సీట్లోంచి ఆర్విల్ నెమ్మదిగా అడిగాడు, మేడమ్, పిల్లలెవరైనా ఎక్కుతారా అని.

తలుపు వేశాను. చెవులు కాలిపోతున్నాయి. ఇక పోయినట్టే అనుకున్నాను. పోయినట్టే అనుకోగానే భుజాలు తేలికయ్యాయి. ఎదురుగా ఫ్రీవే ఎక్కే ర్యాంప్. పొడుగ్గా, ఖాళీగా, పైకి.

ర్యాంప్ వైపు తిప్పాను. పెదవులు కదిలాయి. నేను మొదలుపెట్టానని కూడా తెలియలేదు.

జపం మొదటి మాటకి కాలు దించాను. వెనక చక్రాలు ఒక్క క్షణం పక్కకి జరిగాయి. నేను స్టీరింగ్‌ని వెంట్రుకవాసి తిప్పాను, తిరిగొచ్చాయి. రెండో గేరు. ముందుభాగం ఆకాశం వైపు లేచింది. మూడో గేరు, ముప్పై తొమ్మిదేళ్ళ కింద ఏ మాట దగ్గర వేశానో అదే మాట దగ్గర. సీటు నా వీపుని నెట్టింది. కళ్ళలో నీళ్ళు, అవి బాధవి కావు. నవ్వుతున్నానని తెలిసింది. 'ఆమెన్' రానేలేదు, అప్పటికే డెబ్బై. కాలు తీశాను. అక్కడ రాసిన హద్దు డెబ్బై.

స్కైలార్క్‌కి పూర్తి జపం పట్టింది. దీనికి సగం చాలు.

పక్కన చూశాను. క్యాజ్ రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకున్నాడు. అప్పుడూ అలాగే పట్టుకున్నాడు, మధ్యలో అంగీ నలిగిపోతూ. వాడు నన్ను చూడలేదు. నా పెదవులు చూస్తున్నాడు.

ఆర్విల్ ఇంటి ముందు ఆపాక ఎవరూ దిగలేదు. ఇంజిన్ చల్లారుతూ టిక్ టిక్ మంటోంది. క్యాజ్ అద్దంలోకి చూస్తూ అన్నాడు:

"ఆర్విల్, ఆ రోజు నడిపింది నేను కాదు. నేను ఈ సీట్లో ఉన్నాను. కళ్ళు కూడా మూసుకున్నాను."

ఆర్విల్ ముందుకి వంగాడు.

"మరి ఇన్నేళ్ళూ నువ్వేనని చెప్పుకున్నావు?"

"బెల్టు దెబ్బలు మాత్రం నావేనండీ."

వెనక నుంచి ఆర్విల్ నవ్వు మొదలైంది. ముసలి దగ్గులాంటి నవ్వు, ఆగని నవ్వు. క్యాజ్ కూడా నవ్వాడు. నా వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎప్పుడైనా చెప్పొచ్చుగా జెన్."

"నువ్వు బాగా చెబుతావు," అన్నాను.

అది నిజం. నేను చెబితే ఆ కథ రెండు వాక్యాల్లో అయిపోయేది.

ఆర్విల్ కిందకి దిగి, కుంటుకుంటూ వెళ్ళి, అద్దానికున్న కాగితం చింపేశాడు. తాళాలు నా చేతిలో పెట్టాడు. వర్షంలో కూడా తీయమన్నాడు. కప్పి దాచొద్దన్నాడు. పట్టాల దగ్గర తలుపు తెరవడం మీ ఇష్టం అన్నాడు.

ఆగస్టు 15, గురువారం. పండుగ

షెవెల్‌లో పూజకి వెళ్ళాను. ఫాదర్ కారుని ఆశీర్వదించి పవిత్రజలం చల్లారు. చూడ్డానికొచ్చిన ఆర్విల్ ఆయన అటు తిరగ్గానే జేబురుమాలు తీసి బానెట్ మీద చుక్కలు తుడిచాడు. మరక పడుతుందట.

నవదినం పూర్తయింది. కృతజ్ఞతకి ఇంకో తొమ్మిది రోజులు చేస్తాను.

ఆగస్టు 17, శనివారం

వుడ్‌వర్డ్ మీద పాత కార్ల ఊరేగింపు. ముప్పై ఏళ్ళుగా మేము పేవ్‌మెంట్ మీద మడత కుర్చీలు వేసుకుని చూసేవాళ్ళం. కూలర్‌లో సాసేజ్ శాండ్‌విచ్‌లు, డోరీన్ గొడుగు. ఇవాళ నేను రోడ్డు మీద ఉన్నాను.

మా కుర్చీల ముందుకొచ్చేసరికి ట్రాఫిక్ ఆగింది. క్యాజ్ లేచి నిలబడి, పక్క కుర్చీల వాళ్ళకి, వాళ్ళ పక్క వాళ్ళకి, శాండ్‌విచ్ ఊపుతూ కథ చెబుతున్నాడు. కిటికీ దించి విన్నాను. మౌండ్ రోడ్డు, ఎర్ర మస్టాంగ్, రైలు బ్రిడ్జి. ఈసారి నడిపేది అక్క. పక్కన వణుకుతున్న పీఠబాలుడు తను. కథలో ఇప్పుడు వర్షం కూడా పడుతోంది. మస్టాంగ్‌లు రెండయ్యాయి.

డోరీన్ నోరు తెరిచి నన్నే చూస్తోంది. అసలు సంగతి పెళ్ళికి ముందు కూడా తనకి ఎవరూ చెప్పలేదు.

క్యాజ్ అరిచాడు, ఏంటి మదర్ సుపీరియర్, చిన్న జపం వినిపించవా అని. కుర్చీలన్నీ చప్పట్లు కొట్టాయి.

జపంలో ఒకే ఒక్క పదం చెప్పాను. ఉన్నచోటే గిర్రున తిరిగి చక్రాలు మిగతాది చెప్పాయి.

పొద్దుపోయే దాకా క్యాజ్ నా పక్క సీట్లోనే తిరిగాడు. వచ్చే వారం నుంచి శనివారాలు వాడు నడుపుతాడు. నేనే అడిగాను.

సెప్టెంబర్ 3, మంగళవారం, ఉదయం 5.20

బడి మొదలు. బస్సు యార్డుకి షెవెల్‌లో వెళ్ళాను. దారిలో పట్టాలు. ఆగి, తలుపు తెరిచాను.

రైలు లేదు. వెనక ఎవరూ లేరు.

చాలాసేపు ఇంజిన్‌నే విన్నాను.