ఎర్ర సున్నా చుట్టిన చోట గుడారం వద్దు

బిడ్డా దేవికా,

పన్నెండేండ్ల కింద మెదక్‌ల ప్లాటు కొనేటప్పుడు, అది వాగు తొవ్వ అని మీ నాయనకు చెప్పిన. "నక్షాల వాగే లేదు, ఊకో బాపు" అన్నడు. ప్రతి వానకాలం నీళ్లు పొయ్యిదాక వస్తున్నయి. నువ్వన్నదే నిజం బాపు అని ఇప్పటికీ ఒక్క మాట అనలేదు.

ఇగ నీ సంగతి. నువ్వు పంపిన మంచుకొండల శాటిలైట్ మ్యాపు జిరాక్స్ దుకాణంల పెద్దగ తీయించుకున్న. బండ బండ కనబడుతున్నది, తీసినోడు మొనగాడే. పది మందిని కొండ ఎక్కించుకపోయి, రెండో దినం గుడారాలు వేస్తానని ఎర్ర సున్నా చుట్టినవు. ఆ చోటు చదునుగనే ఉన్నది. కానీ రెండు గుట్టల సందు ముంగట తెల్లగ, విసనకర్ర లెక్క పరుచుకున్నది. అది నీళ్లు మోసుకొచ్చి పోసిన ఇసుక. నలభై ఏండ్లు గొర్లు కాసిన, అసుమంటి చోట ఒక్కనాడు మంద పెట్టలేదు. పక్కన పచ్చగ కనబడే దిబ్బ మీద వేసుకో.

ఫోన్‌ల చెప్తే "సరే తాతా" అని నవ్వి పెట్టేస్తవు. అందుకే కార్డు.

ఉన్ని మేజోళ్లు ఎన్ని జతలున్నయి? నీకిచ్చిన నా గొంగడి బస్సుల మరిచిపోకు. మీ నాయనమ్మ ఏడుపాయల అమ్మవారి బొట్టు పంపుమన్నది. కార్డుల పట్టదంటే మూలకు పూసింది, నొసట పెట్టుకో.

ఇరవయ్యో తారీఖు బయలెల్తవట. పద్దెనిమిది కల్లా సున్నా మార్చిన మ్యాపు నాకు రావాలె. మీ నాయన లెక్క పన్నెండేండ్లు చేయకు.

చల్లగుండు.
తాత ఎల్లం