తడి దూది

అక్కా,

ఈ ఉత్తరం షాపులో చదవకు. ఇంటికెళ్ళి, తలుపేసుకుని, కూర్చుని చదువు.

ముందు నవ్వుకునే సంగతి చెబుతాను. అరవై ఒకటో ఏట నీ చెల్లెలు గాలి కంప్రెసర్ కొన్నది. స్కూలు ఆఫీసులో రిటైరయ్యాక పనేమీ తోచక ట్రంకుపెట్టె సర్దుతుంటే, అడుగున తువ్వాల్లో చుట్టిన నా పాత ఎయిర్ బ్రష్, అదే రంగు చిమ్మే గన్ను, కనిపించింది. సూది చుట్టూ రంగు రాయిలా గట్టిపడి ఉంది. రెండు రోజులు నానబెట్టి, విప్పి, తుడిచి, గాలి పెట్టి మీట నొక్కాను. మొదట ఉమ్మింది. తర్వాత దగ్గింది. మూడోసారి కాగితం మీద సన్నటి బూడిదరంగు తుంపర పడింది. కాగితానికి ఎంత దూరంలో పట్టాలో, మీట ఎక్కడ వదలాలో నాకంటే ముందు నా చేతికే గుర్తొచ్చాయి!

ఆ మోతకి మా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "ఏంటమ్మా, ఇల్లు కూలుతోందనుకున్నా!" అంది. ఒకప్పుడు స్టూడియోలో ఫోటోల మీద మచ్చలు పోగొట్టి, అక్కర్లేనివి మాయం చేసేదాన్నని చెబితే పకపకా నవ్వింది. "దీనికింత హంగామా ఎందుకమ్మా? ఫోన్లో వేలితో ఇలా రుద్దితే చాలు, మనుషులు పోతారు" అని, ఏదో ఫోటోలోంచి ఒక మనిషిని తుడిచేసి చూపించింది. నాకు కళ్ళు తిరిగి కుర్చీలో కూలబడ్డాను. ఎండకి అనుకుని మంచినీళ్ళు తెచ్చింది పిచ్చిపిల్ల.

ఎండ కాదక్కా. ముప్పై నాలుగేళ్ళుగా ఎవరికీ చెప్పనిది ఇవాళ నీకు చెబుతున్నాను. మన ఇంట్లో గోడ మీది ఫోటోలోంచి నిన్ను చెరిపేసింది స్టూడియో మాస్టారు కాదు, నేనే.

నువ్వూ పనిచేసే నాన్న పుస్తకాల బైండింగ్ షాపు బోర్డు మీద నీ పేరు కూడా రాయించమన్నావు. నాన్న నవ్వాడు. ఆ నవ్వుకే నువ్వు ఇల్లు వదిలి వెళ్ళి, వేరే ఊళ్ళో నీ సొంత షాపు తెరిచావు. ఆ వారమే నాన్న మన నలుగురి ఫోటో స్టూడియోకి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "దీన్ని తీసెయ్" అన్నాడు. నీ పేరు కూడా అనలేదు. మాస్టారు నా వైపు చూసి, "నేను చేస్తాలేమ్మా" అన్నాడు. నేనే వినలేదు. దాచడమెందుకు, నీ మీద కోపంగా ఉండేది. నన్ను ఆ ఇంట్లో ఒంటరిగా వదిలేశావని. మా ముగ్గురి మీదా రంగు పడకుండా కత్తిరించిన కాగితం మాస్కుతో కప్పి, వెనక తెర రంగు కలుపుకుని, నీ పాదాల దగ్గర మొదలుపెట్టాను. ముఖం దగ్గరికొచ్చేసరికి నువ్వు నన్నే చూస్తున్నావు. అయినా ఆగలేదు. అక్కడ ఎప్పుడూ ఎవరూ నిలబడనట్టే వచ్చింది.

గన్ను చేతిలో ఉండగానే బయటికి నడిచాను. మళ్ళీ స్టూడియో గడప తొక్కలేదు. రంగు పీల్చి పీల్చి ఊపిరాడటం లేదని అందరికీ అబద్ధం చెప్పాను. నీకూ అదే రాశాను.

ఒక్క పని మాత్రం చేశాను. రంగు మీద వార్నిష్ కొట్టలేదు. ఉత్త నీటి రంగు అది, తడి దూదితో తుడిస్తే వచ్చేస్తుంది. ఎప్పటికైనా నిన్ను బయటికి తీద్దామనుకున్నాను. నాన్న ఉండగా ధైర్యం చాల్లేదు. ఏడాదికోసారి అట్టలు కొనుక్కురావడానికి తప్ప ఊరు కదలని మనిషి, ఆ గోడకెదురుగానే కూర్చునేవాడు. ఆయన పోయిన రోజు నువ్వొచ్చి, ఆ ఫోటో చూసి, ఒక్క మాట కూడా అనలేదు. చెంప మీద కొట్టినా బాగుండేది.

రేపు పొద్దున ఫ్రేము విప్పుతున్నాను. నువ్వు బయటికొస్తే మళ్ళీ గన్ను పడతాను. రాకపోతే దాన్ని ముట్టుకునే అర్హత నాకు లేదు.

నువ్వు పెట్టిన పేరుతోనే,
తుంపర

*

అక్కా,

ఫ్రేము విప్పాను.

నువ్వు లేవు.

దూది తడిపి నీ పాదాల దగ్గర మెల్లగా తుడిచాను. దూదికి రంగు అంటలేదు, తెల్లగానే వచ్చింది. ఇంకో దూదితో తుడిచాను. అదీ తెల్లగానే ఉంది. ఫోటోని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూశాను. రంగు కొట్టిన చోట కాగితం మెరుపు చచ్చిపోవాలి. ఎక్కడా తేడా లేదు. భూతద్దం పెట్టి చూస్తే అమ్మ బట్టల మీది చుక్కలు కూడా అలుక్కుపోయి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. ఇది నేను రంగు కొట్టిన ఫోటో కాదు. దాన్ని మళ్ళీ కెమెరాతో తీసి వేసిన కాపీ. పది కాపీలు కావాలన్నవాళ్ళకి అలా చేసేవాళ్ళం. ఇంట్లో పెట్టుకునే ఒక్కదానికైతే రంగు కొట్టినదానికే ఫ్రేము కట్టేసేవాళ్ళం.

ఇదే పని చేసి బతికినదాన్ని, ఇన్నేళ్ళు కళ్ళెదుట ఉన్నా పోల్చుకోలేకపోయాను. ఎలా పోలుస్తాను? ఆ గోడ దగ్గరికొస్తే తల తిప్పుకునేదాన్ని.

తడి దూది సంగతి మాస్టారు నాన్నకి చెప్పి ఉంటాడు. నిన్నెవరూ వెనక్కి తేకూడదని కాపీ తీయించి, అసలుదాన్ని చింపేసి ఉంటాడు. నాన్న మొండివాడని తెలుసు గానీ ఇంత బండరాయి అనుకోలేదక్కా. ఆ రాయి చేతిలో సుత్తిని నేను.

కంప్రెసర్ అమ్మినవాడికి ఫోన్ చేశాను. శనివారం వచ్చి పట్టుకెళతానన్నాడు.

నీ ముఖం చెరిపిన
చెల్లెలు

*

ఏమే తుంపరా,

ముందు ఆ కంప్రెసర్ వాడికి ఫోన్ చేసి రావద్దని చెప్పు. చెప్పాకే మిగతాది చదువు.

నీ ఉత్తరాలు రెండూ ఒకేసారి అందాయి. మాట వినకుండా షాపులోనే చదివాను. కుడుతున్న పుస్తకం ఒళ్ళోంచి జారిపోయినా తెలియలేదు.

అసలు ఫోటో నా బీరువాలో ఉంది.

నేను షాపు తెరిచిన మూడో వారం, మధ్యాహ్నం పూట, తలెత్తి చూస్తే గుమ్మంలో నాన్న. చంకలో రెండు అట్టల మధ్య ఈ ఫోటో. "నీళ్ళివ్వు" అన్నాడు. ఇస్తే తాగలేదు. జేబులోంచి దూది తీసి అందులో ముంచాడు. నేల మీద కూర్చుని తుడవడం మొదలుపెట్టాడు. పాదాలు వచ్చాయి, చేతులు వచ్చాయి. "నీ చెల్లే చేసింది. అంచు ఎక్కడుందో కనిపెట్టు చూద్దాం. వాళ్ళ మాస్టారికి కూడా రాదిలా" అన్నాడు. గర్వంగా అన్నాడే! నన్ను చెరిపిన పని చూపించి నాకే గొప్పలు చెప్పుకున్నాడు.

"అన్న మాట వెనక్కి తీసుకోలేను. కాపీ తీయించాను, ఇంట్లో గోడ మీద నువ్వుండవు. ఇది మాత్రం నీ దగ్గరుంచు. ఎవరికైనా చెప్పావో, మళ్ళీ రాను" అన్నాడు. అందుకే నోరు మూసుకున్నాను. ఏడాదికోసారి వచ్చేవాడు. ఆ అట్టలు కొన్నది నా దగ్గరే.

నువ్వు చేశావని నాకు మొదటి నుంచీ తెలుసు. కోపం రాలేదనను, ఓ ఏడాది ఉడికిపోయాను. కానీ దానికోసం నువ్వు గన్నే వదిలేశావని మాత్రం తెలియదు. ఊపిరాడటం లేదంటే నమ్మి, ఆవిరి పట్టు, చన్నీళ్ళు తాగకు అని పేజీలకి పేజీలు సలహాలు రాశాను. నాన్నా నమ్మాడు. వచ్చినప్పుడల్లా "దానికి ఊపిరి కుదుటపడితే మళ్ళీ మొదలుపెడుతుందిలే" అనేవాడు. ఆయన పోయిన రోజైనా నేను చెప్పాల్సింది. ఇచ్చిన మాట అంటూ కూర్చున్నాను. తప్పు నాదే, నన్ను తిట్టు.

ఫోటో పోస్టులో పంపను. నువ్వే రావాలి, గన్ను తీసుకుని రావాలి. నాన్నవి అట్టలు నొక్కే చేతులు కదా. ముఖం దగ్గరికి వచ్చేసరికి ఆత్రం ఆపుకోలేక గట్టిగా రుద్దేశాడు. తడికి మెత్తబడిన ఫోటో, రంగుతో పాటు నా ఎడమ కనుబొమ్మ కూడా దూదికి అంటుకుని వచ్చేసింది. ఆ దూది చూసుకుని, అంతసేపూ బింకంగా ఉన్న మనిషి, వెక్కివెక్కి ఏడ్చాడు. చివరికి ముక్కు తుడుచుకుని "చిన్నది వచ్చి పెడుతుందిలే" అన్నాడు.

ఆ తెల్లమచ్చ మీద ఇంకెవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. శనివారం పొద్దున బస్సెక్కు. నా కనుబొమ్మ అసలుదానికంటే కాస్త ఒంపుగా పెట్టినా ఏమీ అనుకోను.

బస్సు దగ్గర నిలబడి ఉంటాను,
ఒంటి కనుబొమ్మ అక్క